బదిలీ నాన్నకు... పరీక్ష పిల్లలకు

సైన్యంలో పనిచేసేవారి కుటుంబానికి ఏ ఊరైనా రెండు మూడేళ్ల బసే. సికింద్రాబాద్ నుంచి బెళగావి, అక్కడి నుంచి వెల్లింగ్టన్, ఆ తర్వాత దేవలాలి. ట్రంకుపెట్టెలు సర్దడం పెద్దలకు అలవాటైపోతుంది. ఎనిమిదో తరగతి దాకా పిల్లలూ ఎలాగో సర్దుకుంటారు. చిక్కు తొమ్మిదిలో మొదలవుతుంది. మన తెలుగు బడుల్లోకీ ఇలాంటి పిల్లలు వస్తూ పోతూ ఉంటారు. కాబట్టి తల్లిదండ్రులుగా, ఉపాధ్యాయులుగా మనం ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఏ బడిలో చేర్చాలి?

బదిలీలపై తిరిగే కేంద్ర ఉద్యోగుల పిల్లల కోసమే కేంద్రీయ విద్యాలయాలు పుట్టాయి. 1963-64లో 20 రెజిమెంటల్ పాఠశాలలతో అవి మొదలయ్యాయి. ఇవి, ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు సీబీఎస్ఈ సిలబస్‌నే చెబుతాయి గనుక ఊరు మారినా పాఠం మారదు. అయితే చాలాచోట్ల అక్కడ తెలుగు దొరకదు. మన బడిలో తెలుగు దొరుకుతుంది. కానీ రాష్ట్రం దాటితే సిలబస్‌తో పాటు ప్రాంతీయ భాష కూడా మారుతుంది. బడుల్లో ఆ భాషల బోధనకు తమిళనాడులో 2006లో, కర్ణాటకలో 2015లో, మహారాష్ట్రలో 2020లో చట్టాలు వచ్చాయి. అందుకే పదో తరగతి ఏ ఊళ్లో, ఏ బోర్డులో రాయాలన్నది ఏడు, ఎనిమిది తరగతుల్లోనే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.

తొమ్మిది, పది విడదీయరాని జంట

సీబీఎస్ఈలో బోర్డు పరీక్షకు పేరు నమోదయ్యేది తొమ్మిదిలోనే. అప్పుడు ఎంచుకున్న సబ్జెక్టులే పదిలోనూ సాగాలి. తండ్రికో తల్లికో బదిలీ అయితే పదిలో బడి మారవచ్చు గానీ, దానికి బోర్డు అనుమతి కావాలి. పోస్టింగ్ ఆర్డర్ నకలు, టీసీ, తొమ్మిదో తరగతి మార్కుల జాబితా, రిజిస్ట్రేషన్ వివరాలు ఒకే ఫైలులో ఉంచి, సామాన్ల లారీలో కాకుండా చేతిసంచిలో తీసుకెళ్లాలి. ఒక బోర్డు నుంచి మరో బోర్డుకు వెళ్తుంటే టీసీపై విద్యాశాఖ అధికారి ప్రతిసంతకం కావాలేమో పాత ఊళ్లో ఉండగానే అడగాలి. పరీక్ష ఏడాదిలో బదిలీ వస్తే, చదువు పూర్తయ్యేదాకా క్వార్టర్ ఉంచుకునే వీలుందేమో యూనిట్‌లో ముందుగా విచారించాలి.

కొత్త పిల్లవాడు వచ్చినప్పుడు

ఉపాధ్యాయులుగా మనం మొదటి వారం మార్కుల కోసం కాక, ఖాళీలు కనుక్కోవడానికి ఒక చిన్న పరీక్ష పెడదాం. ఇలాంటి పిల్లలకు ఒక పాఠం రెండుసార్లు వచ్చి ఉంటుంది, మరొకటి అసలే వచ్చి ఉండదు. బీజగణితంలో ఒక మెట్టు జారితే తర్వాతి లెక్కలన్నీ బరువవుతాయి. ఆ ఒక్క మెట్టు కోసం సాయంత్రం అరగంట కేటాయిస్తే చాలు. 'వెనకబడ్డాడు' అన్న ముద్ర మాత్రం వేయవద్దు. పక్కన కూర్చోబెట్టే తోడును మనమే చూసి పెడదాం. ఆటల జట్టులోనూ ఆలస్యం చేయకుండా చోటిద్దాం. మాటలు కలవకముందే ఆట కలుపుతుంది.

తెలుగు మాట

ఈ పిల్లల్లో చాలామందికి తెలుగు చెవికి తెలుసు, చేతికి రాదు. ఒత్తులు, గుణింతాలు తప్పుతాయి. ఎర్ర సిరాతో పేజీ నింపితే ఆ వచ్చిన మాట కూడా మూగబోతుంది. సరిహద్దులో ఉన్న నాన్నకో, ఊళ్లో ఉన్న నాయనమ్మకో వారానికి అయిదు వాక్యాల ఉత్తరం రాయించండి. తప్పులు దిద్దండి, మార్కులు వేయకండి.

మరో మాట. బదిలీ సంగతి పిల్లలకు చివర్లో చెప్పడం మనలో చాలామందికి అలవాటు. పద్నాలుగేళ్ల పిల్లకు ఆర్డరు వచ్చిన రోజే చెబితే స్నేహితుల దగ్గర సెలవు తీసుకుంటుంది, నోట్సులు పూర్తి చేసుకుంటుంది, కొత్త బడి గురించి తానే అడుగుతుంది. ఊరి ఎంపిక మన చేతుల్లో లేకపోవచ్చు. ఆ ప్రయాణానికి ఆమెను సిద్ధం చేయడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.