చిన్న కంప్యూటర్లు, యూఎస్‌బీ పరికరములు: అపోహలు – వాస్తవములు

పట్టుచీరలకు పేరెన్నికగన్న మా బరంపురమున, తెలుగును ఒడియాయును ఒక్క వీధిలోనే వినవచ్చు ఈ పట్టణమున, ఇంజనీరింగు విద్యార్థుల బల్లలపై అరచేత నిముడు కంప్యూటర్లు నేడు విరివిగా కానవచ్చుచున్నవి. వానితో కొన్ని అపోహలును ప్రబలినవి. అందు మొదటిది, ప్లగ్గు పట్టినచో పరికరము పనిచేసి తీరుననునది.

1996లో వెలువడిన యూఎస్‌బీ ఏర్పాటున ఇరుపక్షములును సమానములు కావు. ఒకటి హోస్టు, తక్కినవి పరికరములు. ఈ చిన్న కంప్యూటరు బోర్డులలో మిక్కిలి వాడుకలోనున్న యూఎస్‌బీ 2.0 పద్ధతియందు, బడిలో హాజరు పిలుచు పంతులుగారివలె హోస్టు ఒక్కొక్క పరికరమును పిలుచుచుండును. పిలువనిదే ఏదియు తన సమాచారము నొప్పగింపదు. కీబోర్డు తనంత తానే కబురు పంపుననుకొనుట పొరపాటు. 2 కిలోబైట్ల రామ్ మాత్రమే గల ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు పోర్టునకు పిలువబడుటయే గాని పిలుచుట తెలియదు. కావున దానికి ఏ కేబులుతో పెన్‌డ్రైవును కలిపినను ఫలము లేదు. హోస్టుగా పనిచేయు చిప్పుగల ‘షీల్డు’ అను అదనపు బోర్డును వేరుగా అమర్చవలెను.

విద్యుత్తును గూర్చిన అపోహను కొంత తీరికగా విచారింపవలసియున్నది. పోర్టున 5 వోల్టులున్నవి గనుక ఎంత కరెంటైనను వచ్చునని పలువురు తలంతురు. యూఎస్‌బీ 2.0 నియమము ననుసరించి పరికరము మొదట 100 మిల్లీఆంపియర్లకు మించి తీసికొనరాదు. హోస్టు అనుమతించిన పిమ్మట 500 వరకు తీసికొనవచ్చును. కాని 2012లో వెలువడిన తొలి రాస్ప్‌బెర్రీ పై బోర్డు పోర్టులకు 140 మిల్లీఆంపియర్ల ఫ్యూజులే అమర్చబడినవి. అట్టి పోర్టునకు నేనొకమారు పోర్టబుల్ హార్డుడిస్కును తగిలించితిని. లోపలి పళ్లెము తిరుగబోయి, టిక్కు టిక్కుమని, నిలిచిపోయెను. డిస్కు చెడినదని విచారించితిని. సొంత అడాప్టరుగల హబ్బునకు మార్చినంతనే అది చక్కగా తిరిగినది! కేబులును ఉపేక్షింపరాదు: అర ఓము నిరోధముగల సన్నని ఛార్జింగు కేబులులో 1 ఆంపియరు ప్రవహించినచో అర వోల్టు దారిలోనే హరించి, బోర్డునకు 4.5 వోల్టులే చేరును. తరువాతి రాస్ప్‌బెర్రీ పై బోర్డులు 4.63 వోల్టులకు దిగినప్పుడే హెచ్చరించును. 2013 అక్టోబరు 12 రాత్రి పై-లీన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటిన పిదప కరెంటు లేక దినములు గడపిన మా గంజాము జిల్లా వాసులకు, బ్యాటరీనుండి వచ్చు ప్రతి మిల్లీఆంపియరు విలువను వేరుగ చెప్పనక్కరలేదు.

సొంత అడాప్టరుగల హబ్బు కరెంటు కొరతను తీర్చునే గాని వేగమును పెంచదు. దాని వెనుకనున్న పరికరములన్నియు సెకనుకు 480 మెగాబిట్ల దారినే పంచుకొనవలెను. పైన చెప్పిన తొలి రాస్ప్‌బెర్రీ పై ‘మోడల్ బి’ బోర్డున నెట్‌వర్కు పోర్టును ఆ దారిమీదనే యున్నది. కావున పెన్‌డ్రైవునుండి నెట్‌వర్కునకు పంపు ఫైలు ఒకే దారిని రెండుమారులు నడచును.

కాపీ ముగిసినట్లు తెరపై కనబడినంతనే పెన్‌డ్రైవు నూడదీయవచ్చుననుట మరియొక అపోహ. లినక్సు ఆ సమాచారమును కొంతసేపు రామ్‌లోనే నిలిపియుంచవచ్చును. అప్పుడే పెన్‌డ్రైవును లాగినను, కరెంటు పోయినను, ఫైలు సగములో తెగిపోవచ్చును. కనుక విద్యార్థులారా, అన్‌మౌంట్ ఆజ్ఞ యిచ్చి, అది ముగిసి తెరపై కర్సరు మరల ఆజ్ఞకై నిలుచువరకు పెన్‌డ్రైవుపై చేయి వేయకుడు.