ఇంటి మౌనానికి అక్షరరూపం

'మా కుటుంబము' అనే వ్యాసం వ్రాయని విద్యార్థి తెలుగునాట అరుదు. తండ్రి ఉద్యోగం, తల్లి ఆప్యాయత, అన్నదమ్ముల సంఖ్య చెప్పగానే ఇరవై పంక్తులలో కుటుంబం ముగిసిపోతుంది. ఆ వ్యాసంలో అబద్ధమేమీ ఉండదు. కాని ఆ ఇంటిని నిజంగా నడిపిస్తున్నదేదో అది కూడా ఉండదు. ఇంటివారు పేరెత్తని శక్తి ఒకటి చాలా ఇళ్లలో ఉంటుంది. ఒక ఇంట అది తండ్రి కోపం. మరియొక ఇంట తీరని అప్పు. వేరొక ఇంట ఏనాడో పోయిన బిడ్డ. దానిని గూర్చి ఎవరూ మాట్లాడరు, అందరూ దానికి తగినట్లే మసలుకొంటారు. తలుపు చప్పుడు కాకుండా వేయడం, ఫలానా ఊరి పేరు రాగానే మాట మార్చడం ఆ ఇంటి పిల్లలకు ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్యలు.

అట్టి శక్తిని వ్రాతలో పెట్టడం ఏల కష్టమో ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1939లో ప్రారంభించిన తన స్మృతిరచనలో చెప్పినది. 1895లో తల్లి మరణించేనాటికి ఆమెకు 13 ఏండ్లు. ఆ తల్లి తన 44వ ఏటి వరకు తనను ఆవరించియే ఉన్నదని, 'టు ది లైట్‌హౌస్' నవల వ్రాసిన పిమ్మటనే ఆ పట్టు సడలినదని ఆమె గుర్తించినది. తాను ఏటిలోని చేప వంటిదట. ప్రవాహం తనను ఎటు త్రోస్తున్నదో తెలుస్తుంది గాని, ప్రవాహాన్ని వర్ణించడం ఆమెకు సాధ్యం కాదట. కాని ఆ మాటలోనే ఒక దారి కూడా ఉన్నది. చేప ఏటిని వర్ణించలేకపోవచ్చును. తాను ఎక్కడ ఒరిగినదో, ఏ రాతిచాటున నిలిచినదో చెప్పగలదు.

ఫ్రాంజ్ కాఫ్కా చేసిన పని అదే. 1919 నవంబరులో, ప్రేగ్ నగరానికి ఉత్తరాన ఉన్న షెలెజెన్ గ్రామంలో ఉండగా, అతడు తన తండ్రి హెర్మన్‌కు ఒక ఉత్తరం వ్రాసినాడు. వ్రాతప్రతి 100 పుటలకు మించినది. అప్పటికి కాఫ్కాకు 36 ఏండ్లు. న్యాయశాస్త్ర పట్టభద్రుడు, కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగి, అచ్చయిన పుస్తకాలు గల రచయిత. అంతటివాడికీ తండ్రి ఎదుట మాట తడబడేది. నేనంటే నీకు భయమెందుకని తండ్రి అడిగిన ప్రశ్నకు నోట జవాబు రాక, కలం పట్టుకొన్నాడు.

ఉత్తరంలో ఒక రాత్రి ముచ్చట ఉన్నది. పసితనంలో దాహమని మారాం చేసిన కొడుకును తండ్రి పక్కమీద నుండి ఎత్తుకొని పోయి, రాత్రి చొక్కాతోనే వసారాలో నిలబెట్టి తలుపు మూసినాడు. కొట్టలేదు. ఇంటిల్లిపాది నిద్రకు మరో మార్గం లేకపోయి ఉండవచ్చునని కాఫ్కా ఒప్పుకొంటాడు కూడా. కాని ఏ కారణమూ లేకుండానే ఆ మహాకాయుడు వచ్చి తనను ఎత్తి బయట పడవేయగలడనే తలపు ఏండ్ల తరబడి ఆ పిల్లవాణ్ని వదలలేదు.

భోజనాల బల్ల సంగతి ఇంకా సూక్ష్మమైనది. రొట్టెను తిన్నగా కోయవలెనని, నేలమీద తునకలు పడరాదని తండ్రి శాసనం. భోజనం ముగిసిన తరువాత చూస్తే, అందరికన్న ఎక్కువ తునకలు తండ్రి కుర్చీ క్రిందనే! ఉత్తరంలో 'నిరంకుశుడు' వంటి మాటలు లేకపోలేదు. చదివినవానికి గుర్తుండేవి ఆ మాటలు కావు, ఈ రొట్టె తునకలు. మన విద్యార్థులు 'మా నాన్నగారు కఠినులు' అని వ్రాసి ఊరుకొంటారు. ఆ కాఠిన్యం ఏ బల్ల క్రింద కనబడిందో అడిగి చూడండి, వ్యాసం అక్కడ ప్రారంభమవుతుంది.

తల్లి జూలీని గూర్చిన పంక్తులు కొద్దివే గాని, తండ్రిని గూర్చినవాటికన్న కలవరపెడతాయి. ఆమె మంచిది, కొడుకును ఓదార్చేది, చాటుగా కోరినది ఇచ్చేది. వేటలో పొదలు కొట్టి మృగాన్ని వేటగాని వైపు తోలేవారు ఉంటారు. ఆమె తెలియకుండా ఆ పని చేసినదని కాఫ్కా అంటాడు. ఎదిరించి బయటపడవలసిన కొడుకును ఆమె దయయే మళ్లీ తండ్రి వలయంలోకి చేర్చినది. కోపాన్ని అందరూ గుర్తిస్తారు. దయ కూడా ఇంటిలో పలుకని శక్తి కాగలదని గుర్తించడానికి చాలా ధైర్యం కావలె.

ఇంతకూ ఇది ఫిర్యాదు కాదా అంటే, కొంత అవును. మరుసటి సంవత్సరం మిలెనా యెసెన్‌స్కాకు వ్రాస్తూ ఇందులో న్యాయవాది ఎత్తులు ఉన్నవని కాఫ్కాయే చెప్పినాడు. ఐనా తండ్రి పక్షాన్ని అతడు మరుగుపరచలేదు. చిన్ననాడు తండ్రి ఊరూరా బండి త్రోసిన కష్టం, చలికి కాళ్లపై మానని పుండ్లు అందులో ఉన్నవి. చివరకు తండ్రి నోటనే ఒక జవాబు చెప్పించి, తననే పరాన్నజీవిగా నిందింపజేసుకొన్నాడు.

ఇట్టి వ్యాసాన్ని తరగతిలో బిగ్గరగా చదివించడం తగదు. అందులోని మనుష్యులు సాయంకాలం ఆ పిల్లవానికి అన్నం పెట్టేవారు. వ్రాసినది ఎవరికి చూపవలెనో వ్రాసినవాడే నిర్ణయించుకోవలె.

కాఫ్కా ఆ ఉత్తరాన్ని తండ్రికి అందజేయుమని తల్లి చేతికిచ్చినాడనీ, ఆమె ఇవ్వక తిరిగి కొడుక్కే ఇచ్చివేసినదనీ మిత్రుడు మాక్స్ బ్రాడ్ వ్రాసినాడు. కాఫ్కా 1924లో మరణించినాడు. తండ్రి 1931 వరకు జీవించినాడు. ఉత్తరం పూర్తిగా అచ్చయినది 1952లో.