బత్తాయి కింద ఏ వేరు?

నల్లపాడు వైపు మిరప మొక్కను పీకితే వేళ్లకు బుడిపెలు కనబడటం రైతుకు కొత్తేం కాదు. వేరుబుడిపె నులిపురుగు పని అది. వచ్చే ఏడు పంట మార్చి కొంత తప్పించుకోవచ్చు. బత్తాయికి ఆ వీల్లేదు. ఏళ్ల తరబడి ఆ గుంటలోనే, ఆ మట్టిలో ఉన్నవాటితోనే కాపురం చేయాలి.

బత్తాయిలాంటి నిమ్మజాతి చెట్ల వేళ్లను పట్టే నులిపురుగు వేరే రకం. బుడిపెలు కట్టదు కాబట్టి తవ్వి చూసినా అనుమానం రాదు. ఆడపురుగు తలను పీచువేరులోకి దూర్చి, తోకవైపు బయటే వదిలేసి కదలకుండా ఉండిపోతుంది. బయటి భాగం చుట్టూ జిగురు, అందులో గుడ్లు. ఆ జిగురుకు మట్టి పట్టేసి, ఎంత కడిగినా వేరు మురికిగానే కనిపిస్తుంది. వేళ్ల మీద కంటికి ఆనే గుర్తు అదొక్కటే. పైన కొమ్మల చివర్లు ఎండటం, కాయ చిన్నదవటం చాలా నెమ్మదిగా జరుగుతాయి. రైతేమో బలం చాలలేదనుకుని మరో బస్తా ఎరువు వేస్తాడు. ఈ పురుగును 1912లో కాలిఫోర్నియాలో గుర్తించారు. మరుసటి ఏడాది శాస్త్రవేత్త నేథన్ కాబ్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు.

మనం తినే కాయ సాత్‌గుడి బత్తాయిదే అయినా, కింద వేరు చాలా తోటల్లో రంగపూర్ నిమ్మది. దాని మీద సాత్‌గుడి కన్ను కడతారు. రంగపూర్ బెట్టకు ఓరుస్తుంది, ట్రిస్టెజా వైరస్‌నూ తట్టుకుంటుంది. ఈ పురుగుకు మాత్రం లొంగిపోతుంది.

లొంగని చెట్టు ఒకటుంది, చైనా నుంచి వచ్చిన మూడాకుల నారింజ. పురుగు తల దూర్చిన చోట దాని వేరు కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. తిండి లేక పురుగు ఎదగదు. మరి దాన్నే వాడొచ్చు కదా? సున్నం ఎక్కువున్న నేలలో దానికి ఇనుము అందదు, ఆకులు పాలిపోతాయి. మన నల్లరేగళ్లలో చాలాచోట్ల సున్నానికి కొదవ లేదు. అందుకే రంగపూర్‌తో దాని సంకరం.

ఇక్కడో చిక్కుంది. నిమ్మజాతి గింజలో తరచూ ఒకటికి మించి పిండాలుంటాయి, వాటిలో ఎక్కువ తల్లికి అచ్చు నకళ్లు. పుప్పొడి మోసుకొచ్చి చల్లినా, సంకరమైన మొలకను వెతుక్కోవాల్సిందే. మూడాకుల గుణం బహిర్గత లక్షణం కావటం మన అదృష్టం. రంగపూర్‌ను తల్లిగా, మూడాకుల నారింజను తండ్రిగా పెడితే, నారుమడిలో మూడేసి రేకుల ఆకుతో లేచిందే సంకరం. ఇంత చవకైన పరీక్ష ఇంకోటి ఉంటుందా! బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ రెంటినీ కలిపే సంకరాలు చేసింది.

తొందరపడితే అయ్యే పని కాదిది. ఫ్లోరిడాలో 1907లో గ్రేప్‌ఫ్రూట్‌ను మూడాకుల నారింజతో కలిపి పుట్టించిన స్వింగిల్ సిట్రుమెలో 1974లో గానీ రైతులకు విడుదల కాలేదు. పురుగును ఆపింది సరే, సున్నపు బరువు నేలల్లో అదీ సరిగా రాదు. పైగా కాలిఫోర్నియా, జపాన్‌లలో మూడాకుల వేరు మీదా బతికే పురుగు రకం బయటపడింది.

తనంతట తాను ఈ పురుగు పెద్దగా దూరం పోలేదు. కొత్త తోటకు అది చేరేది ఎక్కువగా నర్సరీ మొక్క వేళ్లతోనే, వాటిని అంటుకున్న మట్టితోనే. కొనేటప్పుడు కన్ను ఏ తల్లిచెట్టుదని చాలామంది అడుగుతారు. వేరు ఏదని, ఆ మట్టి ఎక్కడిదని అడిగేవాళ్లు తక్కువ.