వృత్తి చికిత్సయు ప్రజల ఆచారములును

పక్షవాతము వచ్చి ప్రాణాపాయము తప్పిన మనిషికి మందుతోనే వైద్యము ముగియదు. చేయి స్వాధీనములో లేనివానికి అన్నము తినుట, స్నానము చేయుట, బట్ట కట్టుకొనుట వంటి నిత్యకృత్యములే భారమగును. ఆ పనులను మరల చేసికొనగలుగునట్లు రోగికి తర్ఫీదు నిచ్చు వైద్యశాఖకు వృత్తి చికిత్స యని పేరు. ఇచ్చట వృత్తి యనగా జీతము తెచ్చు ఉద్యోగము మాత్రమే కాదు. మనిషి దినమెల్ల చేయు ప్రతి పనియు వృత్తియే. భారతదేశమున ఈ విద్యను బోధించుటకు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శ్రీమతి కమలా నింబ్కర్ పాఠశాలను నెలకొల్పిరి.

ఒకే జ్వరమునకు ఒకే మందు పలువురికి పనిచేయవచ్చును. కాని పని అందరికిని ఒకటి కాదు. ఏది ముఖ్యమైన పని, దానిని ఏ చేతితో, ఎచ్చట కూర్చుండి, ఎవరి యెదుట చేయవలెను అను విషయములను ఆయా జనుల ఆచారము నిర్ణయించును. ఆచారము నెరుగక చేసిన చికిత్స ఆసుపత్రి గుమ్మము దాటదు. పలు జాతుల ప్రజలు కలసి నివసించు అండమాన్ నికోబార్ దీవులలో ఈ సత్యము స్పష్టముగా గోచరించును.

తెలుగు ఇంటి పెద్ద

2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవుల జనసంఖ్య 3,80,581. వీరిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతముల నుండి వచ్చి స్థిరపడిన మత్స్యకారులు వీరిలో పలువురు కలరు.

అట్టి ఇంటి పెద్దకు కుడిచేయి పడిపోయిన దనుకొందము. ఎడమచేతితో తినుట నేర్పిన చాలునని చికిత్సకునికి తోచవచ్చును. కాని ఎడమచేయి శౌచమునకు వాడునది. ఆ చేతితో నలుగురిలో భుజించుటకంటె పస్తుండుటయే మేలని ఆయన తలచును. అప్పుడు “రోగి మొండివాడు” అని వ్రాసికొనుట తగదు. కుడిచేతిలో మిగిలిన బలమును ముందుగా పరీక్షింపవలెను. లావుపాటి పిడి గల చెంచాను అరచేతికి పట్టీతో బిగించి ప్రయత్నింపవచ్చును. ఎడమచేయి తప్పనిసరియైన యెడల, రోగితో మాటలాడి, ఆయన సమ్మతితో, ఏకాంతమున ఆరంభింపవలెను.

కోడలు ముద్ద కలిపి మామగారి నోటికందించుట భక్తియే. దానిని తప్పుపట్టినచో ఆమె మనసు నొచ్చును. పెద్దవారు చేసికొనగల పనిని వారికే విడిచి, ఓపికతో ప్రక్కన నిలుచుటయు సేవయేనని ఆమెకు బోధపరుపవలెను.

నికోబారీల తుహెత్

నికోబారీల సంప్రదాయములో పెద్ద ఉమ్మడి కుటుంబమును తుహెత్ అందురు. కొబ్బరితోటలు, పందులు, పడవలు తుహెత్‌కు ఉమ్మడి సొత్తు. కొబ్బరి తురుముట, మొగలి జాతికి చెందిన పండానస్ పండును ఉడికించి గుజ్జు తీయుట, పందులకు మేత వేయుట వారి నిత్యకృత్యములు. పూర్వపు ఇండ్లు గుంజలపై ఎత్తుగా నుండును; నిచ్చెన ఎక్కి లోనికి పోవలెను. అట్టి ఇంటికి మరలవలసిన స్త్రీకి ఆసుపత్రి మెట్లపై నడక నేర్పి పంపిన చాలదు.

అన్ని పనులను ఒంటరిగా చేసికొనుటయే ఆరోగ్య చిహ్నమని తలచుట కలదు. తుహెత్‌లో పని పదిమంది చేతుల మీదుగా సాగును. ఆ పనిలో తన వంతు తనకు తిరిగి దక్కుటయే అచ్చటి రోగి కోరిక. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి తీరగ్రామములను తుడిచివేసినప్పుడు ప్రాణములతోపాటు కొబ్బరితోటలును పోయినవి. పిమ్మట చిన్న కుటుంబమునకొక ఇల్లు చొప్పున కట్టబడెను. ఇల్లు దొరకినను, కలసి చేయు పని వెంటనే తిరిగి రాలేదు. నాటిన కొబ్బరి కాపునకు ఏండ్లు పట్టును. పనిని కోల్పోయిన దుఃఖము కూడ చికిత్స కోరునదే.

జారవాల యెడ జాగ్రత్త

అడవియే ఇల్లుగా గల జారవాల విషయమున మరింత వివేకము అవసరము. 1996లో కాలు విరిగిన జారవా యువకుడొకడు పోర్ట్ బ్లెయర్ ఆసుపత్రిలో నెలల తరబడి చికిత్స పొంది తనవారిని చేరెను. ఆ నగరమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడినది. 1997 చివరి నుండి జారవాలు బయటివారి యొద్దకు రాసాగిరి. 1999లో వారికి తట్టు సోకెను. 1956 నాటి రక్షణ నిబంధన వారి ప్రాంతములోనికి బయటివారి ప్రవేశమును కట్టడి చేయుచున్నది. వారికి చికిత్స చేయవలసివచ్చినప్పుడు అంటురోగము తగులకుండ కాచి, వీలైనంత శీఘ్రముగా పంపివేయవలెను. కాలు మరల అడవిలో నడచుటకు, చేయి విల్లు ఎక్కుపెట్టుటకు పనికివచ్చిన చాలును. మన తిండిని, మన బట్టను అలవాటు చేయుట చికిత్స కాదు.

ముందుగా అడుగవలసినవి

చికిత్సకుడు రోగిని ఇట్లు అడుగవలెను: ఇంటికి పోయిన వెంటనే ఏ పని చేయగోరుచున్నారు? దానిని ఎవరితో కలసి చేయుదురు? చేయరానిదేమైన కలదా? భాష తెలియనప్పుడు పెద్దవారిని దుబాసిగా పెట్టుకొనవలెను. ఇంటి పిల్లలచే గోప్యమైన సంగతులు చెప్పించరాదు. స్త్రీ శరీరమును తాకుటకు ముందు అనుమతి పొందవలెను. ఒకే జాతివారందరును ఒకే తీరున నుందురని ఎంచరాదు. నికోబారీ యువకుడు పడవకంటె ఫుట్‌బాల్ ఆటనే కోరవచ్చును.

రోగియు, బంధువులును సంకోచింపక తమ ఆచారమును చెప్పవలెను. “ఇది మా ఇంట కుదరదు” అను మాట చికిత్సకు అడ్డు కాదు. సరియైన చికిత్సకు అదియే ఆరంభము.