స్త్రీ రబ్బీ కావచ్చునా?

యూదుల మతగురువును రబ్బీ యందురు. ఈ మాట వినినంతనే దేవాలయమున పూజ సల్పు అర్చకుడు మన మనస్సున మెదలుట సహజము. కాని రబ్బీ అర్చకుడు కాడు. యెరూషలేములోని యూదుల ఏకైక దేవాలయమును రోమనులు క్రీ. శ. 70లో నేలమట్టము గావించిరి. దానితో బలులును, వంశపారంపర్యముగ వాటిని నడపిన అర్చకుల ప్రాబల్యమును అంతరించినవి. నాటినుండి సమాజమునకు పెద్దదిక్కు ధర్మశాస్త్రమును చదివిన పండితుడు. రబ్బీ యను హీబ్రూ మాటకు 'నా గురువు' అని యర్థము. తోరాను, తాల్ముదును అభ్యసించి, బోధించుట, ధర్మసందేహములను తీర్చుట, తగవులను పరిష్కరించుట అతని విధులు. మన పూర్వపు ధర్మశాస్త్ర పండితులను తలచుకొన్నచో పోలిక చాలవరకు కుదురును.

వంశముచే గాక విద్యచే లభించు పదవి యిది. అట్లయినచో విద్యావతియైన స్త్రీకి ఏల లభింపరాదు?

హలాఖా యనబడు యూదు ధర్మశాస్త్రమున 'స్త్రీ రబ్బీ కారాదు' అను సూత్రము సూటిగా కానరాదు. అడ్డంకులు ప్రక్కదారిని వచ్చినవి. నియతకాలమున ఆచరింపవలసిన పెక్కు విధులనుండి స్త్రీకి మినహాయింపు కలదు. తాను బద్ధుడు కాని విధిని ఒకడు ఇతరుల పక్షమున నిర్వర్తింపరాదు. కావున పురుషులతో కూడిన సామూహిక ప్రార్థనను స్త్రీ నడపరాదనిరి. ధర్మాసనము ఎదుట పెక్కు విషయములలో స్త్రీ సాక్ష్యము చెల్లదు. సాక్షి కాలేని వ్యక్తి న్యాయనిర్ణేత ఎట్లగునని మరియొక వాదము. పండ్రెండవ శతాబ్దపు మహాపండితుడు మైమొనిడీస్ రాజ్యాధికారమునకే గాక ఏ అధికారపదవికిని స్త్రీని నియమింపరాదని వ్రాసెను.

అయినను అపవాదములు లేకపోలేదు. బైబిలు పూర్వభాగమున దెబోరా యను ప్రవక్త్రి ఇశ్రాయేలీయులకు న్యాయము తీర్చినది. తాల్ముదులో బెరూరియా యను విదుషి పేరు వినవచ్చును. పదునేడవ శతాబ్దమున కుర్దు ప్రాంతపు యూదులలో అసెనత్ బర్జానీ యను నామె, భర్త మరణానంతరము మోసుల్ నగరమున వేదపాఠశాల వంటి విద్యాపీఠమునకు అధిపతియై శిష్యులకు శాస్త్రము చెప్పినది. పని చేసిరి, గౌరవమును పొందిరి. కాని పదవిని కోరి పట్టా అడిగినవారు కారు.

అట్లు అడిగిన స్త్రీ రెజీనా యోనాస్. 1902లో బెర్లిన్ నగరమున పేదయింట జన్మించినది. బాల్యముననే తండ్రి గతించెను. ఉపాధ్యాయినిగ శిక్షణ పొంది, 1924లో బెర్లిన్ లోని యూదుశాస్త్ర విద్యాపీఠమున చేరినది. అచట మరికొందరు స్త్రీలును చదువుచుండిరి. కాని వారి లక్ష్యము మతబోధక వృత్తి. ఈమె మాత్రము రబ్బీ కాదలచినది. 1930లో ఆమె సమర్పించిన సిద్ధాంతవ్యాసమునకు పేరే ఒక ప్రశ్న: స్త్రీ రబ్బీ పదవిని నిర్వహింపగలదా?

ఆమె త్రోవను మనము కొంత నిదానించి చూడవలెను. ఆనాటి సంస్కరణవాదులు అనేకులు 'పాతశాస్త్రము మనకు బంధకము కాదు' అని ఒక్క మాటతో తేల్చివేయుచుండిరి. యోనాస్ అట్లు తేల్చుటకు ఒప్పుకొనలేదు. శాస్త్రమునకు లోబడియే, శాస్త్రవాక్యములతోనే తన ప్రశ్నకు సమాధానము వెదకినది. బోధించుట, ఉపన్యసించుట, యువజనులకు దారిచూపుట, రోగార్తులను ఓదార్చుట ఆధునిక రబ్బీ పనిలో అధికభాగము. వీనికి నిషేధమెక్కడ? వివాహమునకు సాక్షులు వేరుగ నుందురు. రబ్బీ తానే సాక్షి కానక్కరలేదు. ఇట్లు ఒక్కొక్క ముడిని విప్పి, స్త్రీకి అడ్డు నిలిచినవి దురభిప్రాయమును, అలవాటు లేమియే గాని శాస్త్రము కాదని తేల్చినది. విడ్డూరమేమనగా, స్త్రీ రబ్బీ అవివాహితగ నుండుట మేలని కూడ ఆమె అభిప్రాయము. మాకిది సమ్మతము కాకపోయినను, ఆమె విప్లవకారిణి గాదు, శాస్త్రనిష్ఠ గల స్త్రీయని దీనివలన స్పష్టమగుచున్నది.

వ్యాసమును పర్యవేక్షించిన తాల్ముదు ఆచార్యుడు ఎడ్వర్డ్ బానెట్ దానిని మెచ్చెను. కాని కొలదికాలమునకే మరణించెను. ఆయన స్థానమున వచ్చిన ఆచార్యుడు స్త్రీకి పట్టా నిచ్చుటకు అంగీకరింపలేదు. ఆమెకు దక్కినది మతబోధకురాలి యోగ్యతాపత్రము మాత్రమే. ఐదేండ్ల పిమ్మట, 1935 డిసెంబరు 27న, ఓఫెన్‌బాఖ్ పట్టణపు రబ్బీ మాక్స్ డీనెమన్ ఆమెను పరీక్షించి రబ్బీ పట్టా నొసగెను.

ఆ సంవత్సరమే నాజీ ప్రభుత్వము యూదుల పౌరసత్వహక్కులను హరించెను. ఆమెకు లభించిన పదవి సుఖపీఠము కాదు. రబ్బీలు కొందరు చెరసాలల పాలైరి, కొందరు దేశాంతరము వెడలిరి. గురువు లేక మిగిలిన సమాజములకు పోయి ఆమె ఉపన్యసించినది. వైద్యశాలలోని రోగులను, వృద్ధాశ్రమములలోని దిక్కులేని వారిని పరామర్శించినది. 1942 నవంబరులో ఆమెను తల్లితోగూడ తెరెసియెన్‌స్టాట్ నిర్బంధనగరమునకు తరలించిరి. అచట మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ ఆధ్వర్యమున, క్రొత్తగా రైళ్లలో వచ్చి దిగ్భ్రాంతులైన వారిని ఎదుర్కొని ఓదార్చు పనిలో ఆమె పాల్గొన్నది. ఆ చెరలో ఆమె ఉపన్యాసముల పట్టికయొకటి నేటికిని నిలిచియున్నది. అందు 24 విషయములున్నవి. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు పంపి చంపివేసిరి.

అటుపిమ్మట జరిగినదియే మమ్ము అధికముగ బాధించుచున్నది. ఆమెను ఎరిగినవారు కొందరు బ్రదికి బయటపడిరి. తెరెసియెన్‌స్టాట్‌లో ఆమెతో పనిచేసిన ఫ్రాంక్ల్ తన అనుభవములను లోకమునకు వెల్లడించెను. అందు ఈమె పేరు లేదు. ఏల మౌనము వహించిరో చెప్పుట కష్టము. ఫలితము మాత్రము స్పష్టము: తరువాతి తరము స్త్రీలు అదే ప్రశ్నను మొదటినుండి వాదింపవలసి వచ్చినది. అమెరికాలో సంస్కరణశాఖ రబ్బీల సభ 1922లోనే స్త్రీలకు పట్టా నిరాకరించుట న్యాయము కాదని తీర్మానించెను. అయినను సిన్సినాటిలోని వారి కళాశాల పాలకవర్గము మరుసటి యేడు దానిని త్రోసిపుచ్చెను. తుదకు 1972 జూన్ 3న ఆ కళాశాలయే శాలీ ప్రీశాండ్‌కు పట్టా నిచ్చినది. లోకమంతయు ఆమెను ప్రథమ స్త్రీ రబ్బీ యని కీర్తించెను.

బెర్లిన్ గోడ కూలిన పిమ్మట తూర్పు జర్మనీలోని పత్రభాండారములు పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినవి. 1991లో కాటరీనా ఫాన్ కెల్లెన్‌బాఖ్ అను పరిశోధకురాలు అందొక కాగితముల కట్టను చూచినది: సిద్ధాంతవ్యాసము, పట్టా, లేఖలు, వృత్తివస్త్రములు ధరించిన ఒక స్త్రీ ఛాయాచిత్రము. చెరకు పోవుటకు ముందు యోనాస్ భద్రపరచిన పత్రములవి.

ఈలోగా ఇతర శాఖలును ద్వారములు తెరచినవి. 1974లో పునర్నిర్మాణవాద శాఖ, 1975లో ఇంగ్లండులోని లియో బేక్ కళాశాల, దీర్ఘవివాదానంతరము 1985లో కన్సర్వేటివ్ శాఖ స్త్రీలకు పట్టాల నొసగినవి. పూర్వాచారపరాయణులైన ఆర్థొడాక్స్ వారిలో మాత్రము ప్రశ్న నేటికిని తీరలేదు. 2009లో న్యూయార్కున సారా హర్విట్జ్‌కు 'మహరాత్' అను నూతన బిరుదు నొసగిరి. ఆ పేరిటనే స్త్రీల విద్యాపీఠమును స్థాపించిరి. 2017లో అమెరికా ఆర్థొడాక్స్ సంఘముల ప్రధానసమాఖ్య తమ ప్రార్థనామందిరములలో స్త్రీలు మతాధికారపదవులను వహింపరాదని ప్రకటించినది.

యెరూషలేములోని నిష్మత్ అను స్త్రీవిద్యాలయము 1999 నుండి మరియొక మార్గమును అనుసరించుచున్నది. దాంపత్యధర్మములకు సంబంధించిన హలాఖాలో స్త్రీలకు శిక్షణ నిచ్చి 'యోఎత్సెత్ హలాఖా', అనగా ధర్మశాస్త్ర సలహాదారు, అను యోగ్యతను కల్పించుచున్నది. పురుషుని అడుగుటకు సంకోచించు గృహిణులు టెలిఫోనులో వీరిని సంప్రదించుచున్నారు, చెప్పినదానిని పాటించుచున్నారు. రబ్బీ యను పేరు మాత్రము వీరు కోరుట లేదు.