ఫ్రీజర్‌లో మంచుకొండ!

ఆదివారం. మధ్యాహ్నానికి చుట్టాలొస్తున్నారు. రొయ్యల ప్యాకెట్ కోసం ఇల్లాలు ఫ్రీజర్ తలుపు తీసింది. ప్యాకెట్ కనిపిస్తోంది కానీ చేతికి రావడం లేదు. చుట్టూ నాలుగు వేళ్ల మందాన మంచు! లాగింది, కదిపింది. టైము చూస్తే పదిన్నర. ఇక లాభం లేదని కూరగాయల చాకుతో నాలుగు పోట్లు పొడిచింది. ప్యాకెట్ ఊడొచ్చింది. దాంతోపాటే 'స్‌స్‌స్...' మంటూ ఓ సన్నటి చప్పుడు. మర్నాటికి ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయాయి. మెకానిక్ వచ్చి, ఫ్రీజర్‌లోకి తొంగి చూసి అడిగిన మొదటి మాట... 'చాకు పెట్టారామ్మా?'

ఫ్రిజ్‌లు బాగుచేసేవాళ్లకి ఇది కొత్త కథేం కాదు. ఇళ్లలో మాత్రం ప్రతిసారీ కొత్తగానే జరుగుతుంటుంది!

ఎక్కడిదీ మంచు?

ఫ్రీజర్‌లో నీళ్లెవరూ పొయ్యరు. మరి ఇంత మంచు ఎలా వచ్చింది? గాలిలోంచి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి 30 గ్రాముల దాకా నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి మైనస్ 18 డిగ్రీలకు చల్లబడితే ఒక్క గ్రామును మించి మోయలేదు. మిగిలిందంతా ఎక్కడో ఒకచోట దిగిపోవాల్సిందే. ఫ్రీజర్ గోడ అన్నిటికన్నా చల్లగా ఉంటుంది కాబట్టి ఆవిరి అక్కడికి చేరి, నీరుగా మారకుండానే నేరుగా మంచు పలుకులవుతుంది.

లెక్క వేసి చూడండి. ఉక్కపోతగా ఉన్న రోజున 180 లీటర్ల ఫ్రిజ్‌లోని గాలంతా ఒకసారి మారితే నాలుగు గ్రాముల తేమ లోపలికొచ్చినట్లే. తలుపు తీసిన ప్రతిసారీ గాలంతా మారదు, నిజమే. కానీ మంచినీళ్లకోసారి, పెరుగుకోసారి, పిల్లలు ఊరికే తొంగిచూడ్డానికోసారి... రోజుకి ఎన్నిసార్లు! చినుకు చినుకు చేరి చెరువైనట్లు నెల తిరిగేసరికి మంచుకొండ తయారు. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీరపు ఊళ్లలోనూ, వానాకాలంలోనూ ఈ బాధ ఎక్కువగా ఉండేది అందుకే.

తేమ బయట్నుంచే రానక్కర్లేదు. మూతలేని సాంబారు గిన్నె, నీళ్లోడుతున్న తోటకూర, వేడి చల్లారకుండానే పెట్టేసిన పాలు... వీటి ఆవిరి కూడా చివరికి పైనున్న ఫ్రీజర్‌నే చేరుతుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో కింది అరలకు చల్లదనం వచ్చేదీ ఆ పెట్టె నుంచే మరి.

చల్లగా ఉంటే మంచిదేగా?

మంచు ఎంత ఉంటే అంత చల్లదనం అనుకుంటారు చాలామంది. జరిగేది సరిగ్గా ఉల్టా. ఈ మంచు గట్టి ఐసుగడ్డ కాదు, మధ్యమధ్య గాలి చిక్కుకున్న పొడిమంచు. గాలి వేడిని ఓ పట్టాన పోనివ్వదు. చలికాలంలో మనం కప్పుకునే రగ్గు పనిచేసేదీ అలాగే. ఫ్రీజర్ గోడకి మంచు రగ్గు కప్పితే లోపలి వేడి బయటకి పోదు. దాంతో కంప్రెసర్ గంటల తరబడి ఆగకుండా తిరుగుతుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది. పొదుపు కోసమని చుక్కలు లెక్కపెట్టి కొన్న స్టార్ లేబుల్ ఫ్రిజ్ కూడా మంచు పేరుకుంటే ఆ పొదుపు చూపలేదు.

అందుకే నిపుణులు చెప్పే కొలత ఒకటుంది. మంచు మందం ఆరు మిల్లీమీటర్లకు, అంటే పావంగుళానికి చేరకముందే తీసెయ్యాలి. నాలుగు వేళ్ల దాకా ఆగకూడదు.

చాకు ఎందుకొద్దంటే...

చాలా ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ పెట్టె అంటే వట్టి డబ్బా కాదు. రెండు పల్చటి అల్యూమినియం రేకుల్ని కలిపి అతికించి, వాటి మధ్య సన్నటి దారులు వదులుతారు. చల్లబరిచే గ్యాస్ ప్రవహించేది వాటిలోనే. చాకు మొన తగిలితే రేకుకి చిల్లు, గ్యాస్ బయటకి. అతుకు వేయించి మళ్లీ గ్యాస్ నింపించాలి. అతుకు నిలవకపోతే పెట్టె మొత్తం మార్చాలి.

ఇంకో సంగతి. పాత ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరకి చేటని 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంతో క్రమంగా కనుమరుగయ్యాయి. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. ఓజోన్‌కి హాని చెయ్యదు కానీ, మంటను అందుకుంటుంది. ఉండేది కొద్ది గ్రాములే అయినా 'స్‌స్' మన్న చప్పుడు వినిపిస్తే వెంటనే పొయ్యి ఆపి, కిటికీలు బార్లా తెరవాలి. స్విచ్చులు వేయడం, తీయడం మాత్రం చేయొద్దు.

కరిగించే రోజున...

* సరుకు బాగా తగ్గిన రోజు చూసుకోండి. మిగిలినవాటిని మూతగట్టి డబ్బాలో సర్ది, పాత పేపర్లు నాలుగైదు మడతలు చుట్టి, పైన దుప్పటి కప్పండి. థర్మోకోల్ పెట్టె ఉంటే మరీ మంచిది.

* స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్గు పీకెయ్యండి. మంచు పల్చగా ఉంటే థర్మోస్టాట్ నాబ్ మధ్యలోని డీఫ్రాస్ట్ బటన్ నొక్కితే చాలు. కరిగాక కంప్రెసర్ దానంతటదే మొదలవుతుంది.

* ఫ్రీజర్‌లో మందపాటి గుడ్డ పరిచి, దానిమీద వేణ్నీళ్ల గిన్నె పెట్టండి. పావుగంటకోసారి నీళ్లు మార్చండి. తొందరపడొద్దు. కిలో మంచు కరగడానికి పట్టే వేడితో కిలో చన్నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచుకోవచ్చు!

* వదులైన ముక్కల్ని చేత్తోనో, చెక్క గరిటెతోనో తీయండి. సలసలా కాగే నీళ్లు గోడల మీద పోస్తే ప్లాస్టిక్ పగులుతుంది. నీళ్లున్న చోట హెయిర్ డ్రయర్ పెడితే షాక్ కొట్టొచ్చు.

* గోరువెచ్చని నీళ్లలో కాస్త వంటసోడా కలిపి తుడిస్తే వాసన పోతుంది. తర్వాత పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి. మిగిలిన తడే మళ్లీ తొలి మంచు అవుతుంది.

* లోపల బాగా చల్లబడ్డాకే సరుకు సర్దండి. మాంసం, చేపల్లో ఇంకా మంచు పలుకులు కనిపిస్తుంటే తిరిగి గడ్డకట్టించొచ్చు. పూర్తిగా కరిగి రెండు గంటలకు మించి బయట ఉంటే మాత్రం పారేయడమే క్షేమం.

మళ్లీ పేరుకుంటే?

నాలుగు రోజులకే మంచు కనిపిస్తే తలుపు చుట్టూ ఉండే రబ్బరును అనుమానించాలి. ఓ కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూసి లాగండి. పట్టి ఉంచితే సరే. తేలిగ్గా జారి వచ్చేస్తే ఆ సందులోంచి గాలి దూరుతున్నట్లే. ఒక్కోసారి జిడ్డు పట్టినా అంతే. సబ్బునీళ్లతో తుడిస్తే సరిపోతుంది. అప్పటికీ పట్టు రాకపోతే రబ్బరు మార్చాలి.

'మాది ఫ్రాస్ట్ ఫ్రీ, మాకా గొడవ లేదు' అంటారా? వాటిలోనూ మంచు పడుతుంది. కాకపోతే వెనక దాగిన గొట్టాల మీద. లోపలున్న చిన్న హీటర్ దాన్ని ఎప్పటికప్పుడు కరిగిస్తుంది. ఆ నీరు గొట్టం ద్వారా కంప్రెసర్ దగ్గరి ట్రేలోకి చేరి ఆవిరైపోతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో మంచు కళ్లబడిందంటే తలుపు సరిగా పడటం లేదనో, హీటరో, సెన్సరో చెడిందనో, నీటి గొట్టం మూసుకుపోయిందనో అర్థం. పైన ఐసు బాగానే ఉండి కింద పెరుగు పులిసిపోతుంటే అదీ ఈ జబ్బు లక్షణమే. అప్పుడు పిలవాల్సింది మెకానిక్‌నే.

ఇంతకీ... ఆ ఆదివారం రొయ్యల కూర బ్రహ్మాండంగా కుదిరింది. చుట్టాలు మెచ్చుకున్నారు కూడా. కాకపోతే కొత్త ఫ్రీజర్ పెట్టె ఖరీదు కలుపుకొంటే, ఆ ఇంట్లో అంత ఖరీదైన కూర అంతకు ముందెన్నడూ వండలేదు!