బడి జైలుగా మారిన నగరం

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ‘చదువుకున్నాను’ అని చెప్పుకోవడం మనకు గర్వం. అదే మాట ప్రాణాల మీదికి తెచ్చిన నగరం ఒకటుంది. అది కంబోడియా రాజధాని నాంఫెన్.

1975 ఏప్రిల్ 17న పోల్ పాట్ నాయకత్వంలోని ఖ్మేర్ రూజ్ సేనలు ఆ నగరాన్ని పట్టుకున్నాయి. ఆసుపత్రుల్లోని రోగులతో సహా జనమంతటినీ పల్లెలకు తరిమి, పొలాల్లో వెట్టిచాకిరీ చేయించాయి. బడులు మూతపడ్డాయి. డబ్బు రద్దయింది. టీచర్లు, డాక్టర్లు తమ చదువును దాచుకొని బతకాల్సి వచ్చింది.

నగరంలోని ఒక హైస్కూలును ‘ఎస్-21’ అనే జైలుగా మార్చారు. తరగతి గదుల్లో ఇటుకలతో ఇరుకు కొట్లు కట్టారు. వేలాది మందిని అక్కడ హింసించి, ఊరి బయట చోంగ్ ఏక్ అనే చోట చంపి పాతిపెట్టారు. ప్రాణాలతో మిగిలినవారు అతి కొద్దిమంది.

1979 జనవరి 7న వియత్నాం సేనలు ప్రవేశించడంతో ఆ పాలన కూలింది. అప్పటికి దేశంలో సుమారు 17 లక్షల మంది చనిపోయారని అంచనా.

నేడు ఆ బడి తువోల్ స్లెంగ్ మ్యూజియం. 2025లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. గోడల మీద వరుసగా ఖైదీల ఫొటోలుంటాయి. వారిలో ఎందరో మన వయసువాళ్ళే.

ఇంకో సంగతి. ఆ జైలు అధికారి డూచ్ ఒకప్పుడు లెక్కల మాస్టారు! 2010లో కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. తమ్ముళ్ళూ, చదువు మనకు కావాలి. దానితోపాటు సాటి మనిషి మీద దయ కూడా కావాలి.